బెల్టు పక్కన బాలలక్ష్మి

లాలాపేట్‌లోని సబ్బుల ఫ్యాక్టరీలో, బెల్టు మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చే సబ్బుబిళ్లలను చేత్తో ఎడం చేయడం బాలలక్ష్మి పని. రెండు బిళ్లలు కలిసి వెళ్తే కాగితం చుట్టే మిషన్ ఆగిపోతుంది. ఎదురుగా సుధామయి కూడా అదే పని చేసేది. తలెత్తకుండానే ఇద్దరూ పొద్దంతా కబుర్లు చెప్పుకునేవారు. ఈమధ్య కొత్త బెల్టులు వచ్చాయి. వెనకది మెల్లగా, ముందుది వేగంగా తిరగడంతో బిళ్లలు వాటంతటవే ఎడమవుతున్నాయి. సుధామయిని పనిలోంచి తీసేశారు. "నువ్వు ఊకె చూస్కుంట నిలవడక్కా, గంతే," అన్నాడు సూపర్‌వైజర్ పరశురాం. అప్పటినుంచి బాలలక్ష్మి చేతులు కొంగు చివరను మెలిపెడుతూనే ఉంటాయి. ఒక్క మాటైనా లేకుండా రోజు గడిచిపోతుంది.

సాయంత్రం తార్నాక మీదుగా, యూనివర్సిటీలోంచి నడుచుకుంటూ విద్యానగర్‌లోని తన గదికి వెళ్తుంది. ఒకరోజు కాళ్లు లాగి, దారిలో ఒక బెంచీ మీద కూలబడింది. పక్కన చదువుకుంటున్న అమ్మాయి కాస్త జరిగి, "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగింది. బాలలక్ష్మి తన అరచేతుల్ని చూసుకుంది.

"సుధామయని నాకొక దోస్తు ఉండె బిడ్డా..." అని మొదలుపెట్టింది.

అమ్మాయి పుస్తకం మూసింది.