పిల్లల చెవిన పడకూడని భాష

ఎర్జ్యా అనే భాష ఒకటుందని మీలో ఎంతమందికి తెలుసు? వోల్గా నది వైపు పల్లెల్లో ముసలివాళ్ళు మాట్లాడతారనీ, పిల్లలు రష్యన్‌కు మళ్ళిపోతున్నారనీ ఎప్పుడో చదివాను. ఇక్కడ ఈ ఎడారి దేశంలో, మా అబ్బాయి వాళ్ళుండే ఎగైలాలో, మా ఎదురు ఫ్లాటు నర్సు ఫోన్‌లో తల్లితో మాట్లాడేది ఆ భాషేనని ఈ సాయంత్రమే తెలిసింది.

"మరి మీ పాపకు నేర్పారా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"దానికెందుకు అంకుల్? దానికి తెలియకూడనివి మేం మాట్లాడుకోవడానికి పనికొస్తోంది, చాలదూ!" అని నవ్వింది.

ఆవిడను అని ఏం లాభం? మా ఇంట్లోనూ అంతే. మనవరాలితో ఇంగ్లీషు, దాని చెవిన పడకూడని మాటలు మాత్రం తెలుగులో. ఇదేమిటంటే మా అబ్బాయి, "కోట్లమంది మాట్లాడే భాషకేం ఢోకా లేదు నాన్నా" అంటాడు. ఈ రోజు వాణ్ణి కడిగేద్దామనే ఇంట్లోకి వచ్చాను.

వాడింకా డ్యూటీ నుంచి రాలేదు. మనవరాలు నా పక్కన చేరి, ఎన్నడూ లేనిది, అచ్చం వాళ్ళమ్మ యాసలో గుసగుసగా చెప్పింది: "తాతయ్యా, వచ్చే వారం నిన్ను ఊరికి పంపించేత్తారంట. నీకు ఇప్పుడే చెప్పొద్దన్నాడు నాన్న."

అది తెలుగు మాట్లాడినందుకు మురిసిపోవాలో, పెట్టె సర్దుకోవాలో తోచక ఇది రాస్తున్నాను. వాడు వచ్చాక ముందు దేనికి కడగాలో మీరే చెప్పండి.