రవూఫ్ గారి పైకి చదువు

ఎర్రర్ వచ్చిందని ఎవరైనా పిలిస్తే, దాన్ని వాళ్ల చేతనే పైకి చదివించనిదే అబ్దుల్ రవూఫ్ గారు కీబోర్డు ముట్టుకోరు. గొణిగితే ఒప్పుకోరు. చుక్కలతో సహా, పక్క గదికి వినపడేలా చదవాలి. గవర్నర్‌పేటలో సగం ఆఫీసుల సర్వర్లకు ఆయనే వైద్యుడు. ఆ సగం గవర్నర్‌పేటకీ ఇంగ్లీషు ఉచ్చారణ కాస్త మెరుగుపడింది.

ఇంట్లోనూ ఇదే వరస. మిక్సీ తిరగడం లేదని భార్య షహజాది చెబితే, "ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారట. ఆవిడ అచ్చం మిక్సీలా ఉన్నదున్నట్టు గుర్రుమనేసరికి పక్కవాటా వాళ్లు కర్ర పట్టుకుని వచ్చారు.

రామతులసి ఇవన్నీ నవ్వుతూ విన్నదే. ఆ సోమవారం పొద్దున మాత్రం నవ్వు రాలేదు. లారీల ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో కొత్తగా చేరింది, ఇంకా పర్మనెంటు కాలేదు. సర్వర్‌కి కాపలా కాసే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లేవనని మొండికేసింది. అది లేవందే సర్వర్ ఎవరినీ లోపలికి రానివ్వదు, బిల్లులు రావు, బిల్లు లేందే లారీ కదలదు. హనుమాన్ జంక్షన్ దగ్గర రొయ్యల లారీలు వరసగా నిలబడి ఐసు కరిగించుకుంటున్నాయి.

యజమాని వెంకటకృష్ణారావు గారికి ఐసు కంటే ముందు దోషి కావాలి.

"ఎవరు గెలికారో తేలాలి. తేలిన మనిషి ఇవాళ్టితో ఇంటికే!"

ఆ మనిషెవరో రామతులసికి తెలుసు. శనివారం డిస్కు నిండిపోతే, 'ఇవి ఇక అక్కర్లేదు' అని సిస్టమ్ చూపించిన ఫైళ్లన్నీ తీసేసింది తనే.

రవూఫ్ గారు వచ్చి, హెల్మెట్ బల్లమీద పెట్టి, కుర్చీ యజమాని వైపు జరిపారు.

"చదవండి సార్."

"నేనా? ముందు బాగుచెయ్యండి మహాప్రభో!"

"చదవందే ఎలాగండీ?"

"ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్... కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్... నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ."

"మధ్యలో ఫైలు పేరు మింగేశారు."

"లిబ్ ఎస్సెస్సెల్ డాట్ ఎస్వో డాట్ వన్ పాయింట్ వన్! తృప్తేనా?"

"పాయింట్ కాదండీ, డాట్."

"అసలేంటండీ అది?"

"నాలుగు ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఫైలండీ. పెళ్లి పందిట్లో వంటవాళ్లందరికీ ఒకటే గాడిపొయ్యి ఉంటుంది చూడండి, అలాగ."

"ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం పీకేసి మళ్లీ వేస్తే?"

"పొయ్యి లేకపోతే వంటవాళ్లని మారుస్తారటండీ?"

ఆ సాఫ్ట్‌వేర్ ఏయే ఫైళ్ల మీద ఆధారపడుతోందో సర్వర్‌నే అడిగారు. బారెడు జవాబు వచ్చింది. అదీ యజమానే చదివారు. అన్నీ ఉన్నాయి, ఒక్కదాని పక్కన మాత్రం 'నాట్ ఫౌండ్'. రవూఫ్ గారు సరిగ్గా అదే వెర్షన్ ఫైలు తెచ్చి దాని చోట పెట్టి, ఇదిగో ఇక్కడుందని సిస్టమ్‌కి చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. బిల్లులు కదిలాయి.

"సరే. ఇప్పుడు చెప్పండి, తీసిందెవరు?" అన్నారు వెంకటకృష్ణారావు గారు.

రామతులసి నోరు తెరిచింది. రవూఫ్ గారు అడ్డొచ్చారు.

"మొదటి ఎర్రర్ ఇంకోసారి చదవండి సార్."

ఆయన చదివారు. ఈసారి డాట్లన్నీ చక్కగా పలికాయి.

"ఏది లేదో రాసుంది కదండీ. ఎవరు తీశారో రాసుందా?"

"లేదు."

"రాయనిది మనం చదవకూడదండీ."

పేరేమైనా నక్కి ఉందేమోనని యజమాని తెర మీదికి వంగి చూశారు. ఈలోగా జంక్షన్ నుంచి ఫోను. "ఐసు ఇంకా వెయ్యలేదా?" అని అరుస్తూ బయటికి నడిచారు.

రామతులసి మెట్ల దాకా వెంట వచ్చింది.

"రవూఫ్ గారూ, అదీ... నేనేనండీ."

"తెలుసమ్మా. శనివారం సాయంత్రం. మనం కొట్టిన కమాండ్లన్నీ సర్వర్ దాచుకుంటుందిగా. ఇకమీదట ఏదైనా తీసేముందు దాన్ని ఇంకెవరు వాడుతున్నారో చూసుకో."

"మరి అది సార్‌తో చదివించలేదేమండీ?"

రవూఫ్ గారు హెల్మెట్ తగిలించుకున్నారు.

"అది నేను మనసులో చదువుకున్నానమ్మా."