కుడిచేయి దాచుకునే హారన్

ఆదోనిలో పద్నాలుగు ఫ్రెంచ్ హారన్లు ఊది చూసి, పదమూడింటిని పక్కన పడేసి ఒకటి తెచ్చానని మా బ్యాండుసెట్టు వాళ్లకు చెప్పాను. ఇప్పుడు అబద్ధాన్ని మోసే ఓపిక కూడా తగ్గింది. అక్కడ ఉన్నవి రెండే.

ఎమ్మిగనూరులో నలభై ఏళ్లు పెళ్లి ఊరేగింపుల్లో మొదటి వరుసలో ట్రంపెట్ వాయించాను. నేను ఊదితే పొలాల్లో ఎద్దులు నిలబడి వినేవని చెప్పుకునేవాణ్ణి. నిలబడింది ఒక్క ఎద్దు. అదీ కుంటిది. నిరుడు చికున్‌గున్యా వచ్చి పోయాక కుడిచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. ట్రంపెట్ మీటలు ఆ చేత్తోనే నొక్కాలి. నా దగ్గర నేర్చుకుని ఇప్పుడు సెట్టును నడిపిస్తున్న మేస్త్రి మంచివాడే. నొచ్చుకుంటూనే, ఇకమీద గిలక్కాయల్లాంటి ఆ గిలకలు ఊపుతూ వస్తే చాలన్నాడు. వయసైపోయిన వాళ్లకు మా సెట్టులో ఇచ్చే పని అది. తర్వాత ఇంకేమీ ఇవ్వరు.

ఫ్రెంచ్ హారన్‌కు మీటలు ఎడమచేతి కింద ఉంటాయి. కుడిచేయి ఊరికే దాని వెడల్పాటి నోట్లో దూర్చి ఉంచుతారు. అందులోనూ డెస్కాంట్ అని చిన్నరకం ఒకటుంది. పై స్వరాలు దాంట్లో కొంచెం తేలిగ్గా పలుకుతాయి. డీజేల దెబ్బకు సెట్టు మూసేసిన ఆదోని ఆసామి దగ్గర అలాంటిది ఉందని విని బస్సెక్కాను.

పత్తి మార్కెట్టు వెనక సందులో ఆయన గది. పెద్ద హారన్‌ను చింతపండుతో తోమి తళతళలాడించి పెట్టాడు. చిన్నది నల్లబడి ఉంది, ఒకచోట చిల్లికి మాటు వేశారు, మీట కింది దారం తెగితే మగ్గం నూలుతో కట్టారు. బ్యాండు వాళ్లం వాద్యాన్ని కూర్చుని చూడం, ఊదుతూ నడిచి చూస్తాం. పెద్దదాన్ని ఊదుతూ బయలుదేరితే నాలుగు గడపలు దాటకుండానే ఊపిరి అయిపోయింది. అరుగు మీద కూలబడ్డాను. చిన్నదాంతో సందు చివర పిండిమర దాకా పోయి, సగం దూరం వెనక్కి వచ్చాను.

“పెద్దది తీసుకోప్పా. దాన్ని సూస్తేనే పెండ్లోళ్లు బెదరల్ల,” అన్నాడు ఆసామి.

“వాళ్లు బెదిరేది అట్లుండనీ, ముందు నేనే బెదిరినాను,” అని చిన్నదే తెచ్చుకున్నాను.

రెండు నెలలు ఎడమచేతికి పాటలు నేర్పాను. సొంత చేతికే పాఠం చెప్పడం ఎంత అలుపో అప్పుడు తెలిసింది. మొదటి పెళ్లి గోనెగండ్లలో. ఒక్క పాటకు చూద్దాం, పలక్కపోతే గిలకలు తీసుకోమని మేస్త్రి ముందే చెప్పాడు. పాట సగంలో పెళ్లికూతురి మేనమామ చెయ్యెత్తి ఊరేగింపును ఆపాడు.

“ఏమప్పా, శుభమా అని పెండ్లి జరుగుతాంటే ఎడంచేత్తో వాయిస్తాండావే?”

నాకీ సంగతి ముందు తట్టలేదు. ఎవరికీ ఎడమచేత్తో తాంబూలమైనా ఇవ్వనివాణ్ణి, పెళ్లి పాట మొత్తం ఆ చేత్తోనే సాధన చేశాను. మేస్త్రి గిలకల సంచీ వైపు చూశాడు.

“ఎడంచెయ్యి ఊరికే పట్టుకుంటాదప్పా. వాయించేదంతా లోపలుండే కుడిచెయ్యే,” అన్నాను.

ఆయన వంగి హారన్ నోట్లోకి చూశాడు. మణికట్టు దాకా చెయ్యి ఉంది. “అట్లనా,” అని పక్కకు తప్పుకున్నాడు. మా వాళ్లు నవ్వు ఆపుకోలేక కాసేపు తాళం తప్పారు.

ఆ పాట పూర్తి చేశాను. ఊరంతా ఆగి విన్నదని తర్వాత చెప్పుకున్నాను కానీ, రెండో పాటలో పై స్వరాలు మూడు చోట్ల పలకలేదు. పక్కనున్న క్లారినెట్టు అతను నా వంతు కూడా ఎత్తుకున్నాడు. మేస్త్రి అంతా విన్నాడు. వ్యాన్ ఎక్కేటప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, హారనే వాయించు. కాకపోతే రేపట్నుంచి రెండో వరసలో నిలబడు.”

సరేనన్నాను. మరొకప్పుడైతే వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. ఆ రోజు పెదవులు మండుతున్నాయి, కాళ్లు లాగుతున్నాయి. హారన్‌ను ఒళ్లో పెట్టుకుని, వ్యాన్ కదలకముందే నిద్రపోయాను.