వెలగకూడని కణాలు

రాజమండ్రిలో మా ల్యాబ్‌కి రొయ్యలు తెచ్చేది మా నాన్నే. భీమవరం దగ్గర మా చెరువులో తెల్లారగట్ల పట్టి, మూత డబ్బాలో వేసుకుని బస్సెక్కేసేవాడు. నా పీహెచ్‌డీ అంతా ఆ రొయ్యల రక్తకణాల మీదే. కణంలో ప్రొటీన్ ఆక్సీకరణకు గురైతే, ప్రోబ్ అనే రసాయనం దాన్ని పట్టుకుంటుంది. మైక్రోస్కోప్ కింద అక్కడ ఆకుపచ్చగా వెలుగుతుంది. కొన్ని కణాలకు ఆ ఆక్సీకరణ తెప్పించే పెరాక్సైడ్ కలుపుతాను, కొన్నింటిని ఏమీ చెయ్యను. మొదటివి వెలగాలి, రెండోవి చీకటిగా ఉండాలి. అంతే.

నా ఖర్మకి రెండూ వెలిగాయి. ఒకసారి కాదు, ప్రతిసారీ. చివరికి మా గైడ్ మేడమ్ కళ్లజోడు తీసి, "ప్రోబ్ ఇంకొక్కసారికే ఉందమ్మా. ఈసారీ తేడా కనబడకపోతే టాపిక్ మార్చేద్దాం" అన్నారు. ఇన్నేళ్ల చాకిరీ గోదాట్లో కలిసినట్టే.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి, రొయ్యలకు ఏమైనా జబ్బుందా అని అడిగాను.

"జబ్బేంటమ్మా, నిక్షేపంలా ఉన్నాయి. దారిలో చస్తాయేమోనని డబ్బాలో ఆక్సిజన్ పొడి కూడా వేస్తున్నానుగా."

చెరువులో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలినప్పుడు మావాళ్లందరూ చల్లే పొడే అది. నీళ్లలో కరిగితే పెరాక్సైడ్ వస్తుంది. నేను ల్యాబ్‌లో కొలిచి కలిపేదాన్ని ఆయన బస్సులోనే గుప్పెళ్లతో పోసేస్తున్నాడన్నమాట! ఒళ్లు మండిపోయింది. "ఎవరు వెయ్యమన్నారు నాన్నా నిన్ను?" అని అరిచేశాను.

"నీ చదువుకి కదా, ఒక్కటీ చావకూడదని వేశానమ్మా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

తర్వాతి వారం నాన్న పొడి మానేసి, బ్యాటరీతో గాలి కొట్టే చిన్న మోటారు డబ్బాకి తగిలించుకుని వచ్చాడు. ఆ బుడబుడ చప్పుడుకి కండక్టరు దింపేస్తానన్నాడట. అయినా సగం రొయ్యలు దారిలోనే చచ్చాయి. బతికినవాటి నుంచే రక్తం తీశాను. ఆయన ల్యాబ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఎంత పిలిచినా చెప్పులు విప్పితే గానీ లోపలికి రాలేదు.

పెరాక్సైడ్ కలిపిన కణాలు ఎప్పట్లాగే వెలిగాయి. ఏమీ కలపని కణాలున్న రెండో స్లైడు పెట్టి చూశాను. లేచి, నా కుర్చీలో నాన్నని కూర్చోబెట్టాను.

ఆయన కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "ఏం కనబడట్లేదమ్మా. అంతా చీకటే" అన్నాడు. "మళ్లీ పాడుచేశానా?"

"లేదు నాన్నా, నాకు కావాల్సింది ఈ చీకటే" అన్నాను.

ఆయన నమ్మలేదు. నేను ఏడుస్తున్నాను మరి.