మూత లోపలి చీటీ

మా దీవుల్లో ప్రోతరాపూర్‌లోని ఒక కంకర మిల్లు నుంచి మొన్న పాత కంప్యూటరు రిపేరుకు వచ్చింది. లారీల తూకం ఇప్పటికీ దాని మీదే. మూత విప్పితే లోపలివైపు అంటించిన చీటీ కనిపించింది. లోపల గుచ్చిన ఏ కార్డుకు ఏ మెమరీ అడ్రసు ఇచ్చారో గుండ్రటి అక్షరాల్లో ఉంది. అవి నా పాత జతగాడి అక్షరాలు.

ఇక్కడి లంబాలైన్‌లో ఇద్దరం కలిసి రిపేరు షాపు నడిపేవాళ్లం. అతను ఈలవేస్తూ స్క్రూలు విప్పేవాడు. ఆ ఈల ఆగితే తప్పు దొరికిందని అర్థం. ఆ కాలపు మెషిన్లలో రెండు కార్డులు ఒకే అడ్రసు మీద ఉంటే పెట్టె బిగుసుకుపోయేది. పిన్నులకు తొడిగే చిన్న జంపరును మార్చి ఒకదాన్ని పక్కకు జరపాలి. అందుకే ప్రతి పెట్టెలో చీటీ అంటించేవాడు. నేను దాన్ని చాదస్తమనేవాణ్ణి.

పాతికేళ్ల కిందట ఈ మెషిన్‌కే నెట్‌వర్క్ కార్డు పెట్టాను. చీటీ చదవలేదు. పెట్టె బిగుసుకుంది. అతను వచ్చి చూసి, "కార్డుకేటీ అవ్వలేదు భయ్యా, ఠీక్ హై. రెండు కార్డులూ డీ ట్రిపుల్ జీరో అడ్రసు మీదే కూర్చున్నాయి. చీటీ చూళ్లేదేటి?" అన్నాడు.

పక్కనే ఉన్న మిల్లు యజమాని నవ్వాడు. "షాపుకి ఉస్తాదు మీరా, ఈయనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "తడి చేతుల్తో ముట్టి వీడే కార్డు కాల్చేశాడండీ," అన్నాను. అబద్ధం నిలబెట్టుకోవడానికి కార్డును రిపేరుకని ఓడలో వైజాగ్ పంపాను. ఆ వారమే అతను టూల్ బ్యాగు తీసుకుని ఇంకో దీవిలోని రంగత్ వెళ్లిపోయాడు. తర్వాతి ఓడలో కార్డు తిరిగొచ్చింది, ఏ లోపమూ లేదంటూ. చాటుగా జంపరు మార్చాను. మిల్లు నడిచింది. కొత్త అడ్రసు చీటీ మీద మాత్రం రాయలేదు. రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా.

ఇప్పుడు దుమ్ము దులుపుతుంటే ఆ జంపరే ఊడిపోయింది. కార్డు మళ్లీ పాత అడ్రసుకే చేరి పెట్టె బిగుసుకుంది. అది పట్టుకోవడానికి నాకు సగం రోజు పట్టింది. పనంతా నిశ్శబ్దంగా సాగింది. ఈల లేదు.

జంపరు తొడిగి రంగత్‌కు ఫోన్ చేశాను. "ఆ కార్డు కాలలేదు. తప్పు నాది. నీ మీద వేశాను."

అటువైపు బస్సు హారన్ వినిపించింది. "తెలుసు భయ్యా. ఆ ముక్క మిల్లు ఓనరు ముందు చెప్పుండాల్సింది," అన్నాడు. తర్వాత అడిగాడు: "ఇప్పుడు ఏ అడ్రసు మీద పెట్టావు?"

"డీ ఎయిట్ డబుల్ జీరో."

"చీటీ మీద రాశావేటి?"

మర్నాడు మిల్లు యజమాని వస్తే అంతా చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "ఏ కార్డండీ? ఎవరతను? నాకేం గుర్తులేదు."

అతనెవరో చెప్పాను. తర్వాత ఆయన చూస్తుండగానే చీటీ కింద ఆ కొత్త అడ్రసు రాసి మూత బిగించాను.