మూతి తిప్పుకున్న పట్టుపురుగులు

ఆ రోజుల్లో మనిషికి ఒక బ్లాగుంటేనే గొప్ప, నాకు రెండుండేవి. ఇద్దరు పెళ్లాల మొగుడు పడే పాట్లన్నీ పడినాను, సుఖం మాత్రం ఎరగను. ఒకటి రాబర్ట్‌సన్‌పేటలో నేను పనిచేసే అంగడిది. పట్టుపురుగులు సాకే రైతులకు తట్టలు, సున్నం పొడి, మందులు అమ్మే అంగడి. "చదువుకున్నోడివి, కంప్యూటర్లో ఏమన్నా రాయప్పా, నాలుగూర్లకు తెలుస్తాది" అని మా సావుకారు పురమాయిస్తే, 'పురుగుల ఇంట్లో శుభ్రత' లాంటివి రాసేవాణ్ణి. (చదివేది ఇద్దరే. రెండోవాడు సావుకారు.) ఇంకొకటి నా సొంతం. అందులో అన్నీ కోతలే. గౌనిపల్లిలో పురుగులు సాకే మా మేనత్త ఆ కోతలకు మహారాణి. ఈ రెండు బ్లాగులూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా కాపాడడమే నా అసలు ఉద్యోగం. "అంగడి పేరుమీద అబద్ధం కనబడిందా, ఆ పొద్దే నువ్వు ఇంటికి" అని సావుకారు చేరిన రోజే చెప్పినాడు మరి. ఇంటికి పోతే మా నాయన ఆవుల కొట్టం చిమ్మిస్తాడు.

ఒకసారి నా బ్లాగు కోసం ఒక కోత కోసినాను. అత్త కొత్తల్లుడు సెంటు పూసుకుని పురుగుల ఇంట్లోకి పోయినాడనీ (ఆ వాసన పురుగులకు పడదు, మా పక్క ఎంత చుట్టాన్నైనా గడప దగ్గరే ఆపేస్తారు), పురుగులన్నీ ఆకు తినడం మాని ఒక్కసారిగా మూతి తిప్పుకున్నాయనీ, గడపలో సున్నం పొడి చల్లి అల్లుడికి తలంటిన తర్వాతే మళ్లీ తిన్నాయనీ రాసినాను. నెట్ సెంటర్లో కరెంటు పోయేలోగా ఎక్కించాలనే తొందరలో కథ పోయి అంగడి బ్లాగులో పడింది, శుభ్రత పాఠం వచ్చి నా బ్లాగులో పడింది. (తప్పు నాది కాదు, కరెంటుది.)

నాలుగు రోజులకు అంగడిలో "ఏమప్పా ఇది?" అని సావుకారు కంప్యూటర్ వైపు వేలు చూపించినాడు. నేను నోరు తెరిచేలోగా, ఆ కథ ఎవరో చదివి చెప్తే విన్న ఒక రైతు వచ్చి, "ఆ అత్త చల్లిన పొడి యాడుండాది సామీ? మా అల్లుడు కూడా సెంటు పూస్తాడు" అన్నాడు. ఆయన వెనకాల ఇంకొకాయన. పొడి అంతా అమ్ముడుపోయింది గానీ సావుకారు మొహం విచ్చుకోలేదు. "అబద్ధంతో అమ్మిన సరుకు నాకొద్దు. ఆమెనే అడుగుదాం. కాదనిందా, ఇంగ నీ దావ నువ్వు చూసుకో" అని నా చేతే ఫోన్ కలిపించి స్పీకర్ పెట్టించినాడు.

"అమ్మా, మీ అల్లుణ్ణి చూసి పురుగులు మూతి తిప్పుకున్నాయని మీ అన్న కొడుకు రాసినాడు. నిజమా?"

నా కళ్లకు చీపురు కనబడింది.

"అబద్ధమప్పా" అనింది అత్త. నాకు కొట్టం కూడా కనబడింది. "మూతి తిప్పుకునేదేంది? తట్టలు దిగి బయటికి నడిచి పోయినాయి! ఏరుకొచ్చేసరికి నా నడుము పడిపోయింది. అల్లుడి మర్యాద పోతాదని మావాడు తగ్గించి రాసింటాడు, పాపం."

సావుకారు ఫోన్ పెట్టేసినాడు. తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వినాడు. "సెంటు సంగతీ పొడి సంగతీ నిజమే కదా. రాసుకో పో. పైన 'ఇది కథ' అని మాత్రం పెట్టు" అన్నాడు.

ఇప్పుడు నాకు ఒకటే బ్లాగు. అంగడిదీ అదే, అత్తదీ అదే. నిజానికీ కోతకీ నడుమ గోడ కట్టి, నిద్ర మాని దానికి కాపలా కాసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ముద్దొస్తాడు. పిలిచి కాఫీ ఇప్పించాలనిపిస్తాది. అత్త పురుగులు సాకడం మాని తట్టలు ఎత్తిపెట్టేసి చాలా కాలమైంది. అయినా ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాది.

"ఏమిరా, ఈ వారం నా పురుగులు ఏం చేసినాయి?"