తొయిని వదినకు పట్టిన పేరు పిచ్చి

మా తొయిని వదినకు బతుకంతా తన పేరంటే ఒళ్లుమంట. "తొయిని ఏవిటి, కోడిపెట్టను పిలిచినట్టు," అనేది. పెళ్లయిన కొత్తలో మా అన్న చేత ఆనీ అని పిలిపించుకోవాలని నానాపాట్లు పడింది. మా అన్న మొండి మనిషి. పొలం అవతలి గట్టు నుంచి "తొయినీ" అని ఊరంతా వినపడేలా కేకేసేవాడు. బళ్లో వంట చేసినన్నాళ్లూ పిల్లలు వంటమ్మగారూ అంటే పలికేది, పేరు పెట్టి పిలిస్తే గరిట చూపించేది.

అలాంటి మనిషి ఎనభై దాటాక తన పేరు మీద మోజు పడింది. దానికి కారణం ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో తాగే కాఫీలు. మా ఈడు ఆడవాళ్లం అక్కడ చేరతాం. ఒకప్పుడు మోకాళ్ల నొప్పుల గురించీ బంగాళాదుంపల గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఈమధ్య ఎవరి నోట విన్నా ఒకటే మాట, మా మునిమనవరాలికి నా పేరు పెట్టారని. పట్నాల్లో కుర్రవాళ్లకు ఏమైందో గానీ పాతపేర్ల మీద పడ్డారు. అమ్మ పేరు వాళ్లకు చప్పన, అమ్మమ్మ పేరు ముతక, తాతమ్మ పేరు మాత్రం ముద్దొస్తుంది. ఐనోకు ఒక బుల్లి ఐనో పుట్టింది. లూలికి ఇద్దరు లూలీలు. చివరికి పెళ్లీ పెటాకులూ లేని నాకే, మా తమ్ముడి మనవడింట్లో ఒక చంటి సైమి తయారైంది. ఆ పాప ఫొటో నేను బల్ల మీద పెట్టిన రోజున వదిన ఏలకుల బన్ను సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయింది. వదిలేసే బన్ను కాదది, నేను చేసింది.

ఆమె బాధ నాకు తెలియక కాదు. మా అన్న పోయాక ఆ ఇంట్లో తొయినీ అని పిలిచే గొంతు లేదు. కూతురికి అమ్మ, మనవరాలికి అమ్మమ్మ, ఆస్పత్రివాళ్లకు ఇంటిపేరు. తాను పోతే ఇక ఆ మాట పలికే అవసరం ఎవరికీ ఉండదని వదినకు భయం పట్టుకుంది. అందుకు జాలిపడ్డాను. కానీ జాలిపడనిచ్చే మనిషైతే కదా. ఎన్నికల్లో నిలబడ్డట్టు ప్రచారానికి దిగింది.

మనవరాలు రీక్కాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. మాలో బిడ్డ పేరు బాప్తిస్మం రోజున పాస్టరమ్మ పైకి చెప్పేదాకా తల్లిదండ్రులు గుట్టుగా ఉంచుతారు. అడగడం మర్యాద కాదు. అందాకా ఏదో ఒక ఉత్తుత్తి పేరుతో సరిపెడతారు. రీక్కా, ఆమె మొగుడు యోనాస్ కడుపులోని బిడ్డను చిక్కుడుగింజ అనేవాళ్లు. వదిన మర్యాద తప్పలేదు, అడగలేదు. ఫోను చేసి సలహాలు మాత్రం ఇచ్చేది.

"పేరంటే పొట్టిగా ఉండాలే రీక్కా. పిలిస్తే పొలం దాకా వినపడాలి."

"మాకు పొలం లేదు కదా అమ్మమ్మా. అయినా సరేలే."

"వీధికో ఐనో ఉంది ఇప్పుడు. ఎవరికీ లేని పేరైతేనే అందం."

"నిజమే అమ్మమ్మా."

"ఇందులో నా స్వార్థమేం లేదనుకో."

"అయ్యో, ఎవరన్నారు?"

వదిన ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "ఒప్పుకుంది," అంది.

"దేనికి వదినా?"

"పిల్లల్ని కననిదానివి, నీకు తెలీదులే సైమీ."

నా నోరు మూయించాలంటే ఆ ఒక్క రాయీ చాలు, దాన్ని ఆమె ఎప్పుడూ జేబులో వేసుకునే ఉంటుంది.

ఆడపిల్ల పుట్టాక ధీమా ముదిరింది. తెల్ల ఉన్ని దుప్పటి అల్లి, దాని మూల ఎర్రదారంతో తన పేరులోని మొదటి అక్షరం కుట్టింది. చర్చి హాల్లో ఐనోకూ లూలికీ చూపించి మరీ పంపింది. "ఇంకో పేరు పెడితే ఆ దుప్పటి ఏం చేస్తారు వదినా?" అంటే, "పెట్టరు," అంది.

బాప్తిస్మం వదిన కూతురు యానా ఇంట్లో జరిగింది. వదిన నీలం గౌను వేసుకుని అందరికన్నా ముందు కుర్చీలో కూర్చుంది. పాస్టరమ్మ బిడ్డ తల మీద చెయ్యి వేసి, "హిల్మా," అంది.

మాలో ఒక్కో బిడ్డకు మూడు పేర్లు పెట్టడం మామూలే. వదిన మెడ సాచింది.

"ఆరోరా."

వదిన కుర్చీ అంచుకు జరిగింది.

"లూమి."

మా భాషలో లూమి అంటే మంచు. మంచుకు కూడా చోటు దొరికింది, వదినకు దొరకలేదు.

నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది నాకు. హిల్మా ఎవరో నాకు తెలుసు, వదినను కన్నతల్లి. ఏనాడో యానాకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఆ చంటిదాన్ని ఎత్తుకుని నిలబడింది నేనే. ఆ రోజు హిల్మమ్మ జుట్టు చుట్టించుకుని, ఉన్న ఒక్క వెండి పిన్నూ గుండెల దగ్గర పెట్టుకుని నాకెదురుగా కూర్చుంది. కూతురికి తొలిచూలు ఆడపిల్ల, మొదటి పేరు కాకపోయినా రెండోదిగానైనా తన పేరు పెడుతుందని వాళ్లకూ వీళ్లకూ చెప్పుకుంది. వదిన వారపత్రిక తిరగేసి ఏరుకొచ్చిన పేరు యానా. తక్కిన రెండూ ఆ పత్రికలోవే. హిల్మమ్మ లేచి వెళ్లి అందరికీ కాఫీ పోసింది, తను మాత్రం తాగలేదు. అప్పుడు వదిన మీద వచ్చిన కోపం నాకింకా పూర్తిగా పోలేదు.

కాఫీల దగ్గర యానా కళ్లు తుడుచుకుంటూ కూతుర్ని కావలించుకుంది. "మా అమ్మమ్మ పేరు పెట్టావే తల్లీ. నీకెవరు చెప్పారు?"

రీక్కా తెల్లబోయింది. "మీ అమ్మమ్మ పేరా? నేను పుట్టకముందే పోయిందిగా ఆవిడ, నాకేం తెలుసు? పాతపేర్లన్నీ చూసి, ఇది ముద్దుగా ఉందని పెట్టుకున్నాం." తర్వాత కాస్త ఆలోచించి, "ఇంత మంచి పేరు మనింట్లోనే ఉంటే నీకెందుకు పెట్టలేదమ్మా?" అంది.

"ఏమో మరి. మీ అమ్మమ్మనే అడుగు," అంది యానా.

ఇద్దరూ వదిన వైపు తిరిగారు. నేను బన్నుల పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

వదిన కప్పు కింద పెట్టింది.

"అప్పట్లో అది ముసలివాళ్ల పేరు," అంది.

యోనాస్ వేళాకోళమనుకుని నవ్వాడు. యానా నవ్వలేదు.